వంద మొనల ప్యాచ్, గుంటూరు తేమ: నా ఎం.ఫార్మ్ ప్రాజెక్టు డైరీ

జూన్ 10, 2024

టాపిక్ ఈరోజు ఖరారైంది. కరిగిపోయే మైక్రోనీడిల్ ప్యాచ్. చర్మం మీద పెట్టి బొటనవేలితో అదిమితే, దాని మొనలు లోపలికి దిగి అక్కడే కరిగిపోయి, తమలో దాచుకున్న మందునో టీకానో వదిలేస్తాయి. పారేయడానికి సూది మిగలదు. మా గైడ్ మేడమ్ నా ముందు మూడు టాపిక్‌లు పెట్టారు, మిగతా రెండూ ట్యాబ్లెట్లే, త్వరగా అయిపోయేవి. నేను మాత్రం ఇదే కావాలని పట్టుబట్టాను.

కారణం మా ఇంట్లోనే ఉంది. అమ్మ ఏఎన్ఎం. నా చిన్నప్పటి నుంచి బుధవారం అంటే మా ఇంట్లో టీకాల రోజు, తెల్లారేసరికే అమ్మ హడావుడి మొదలు. ఐస్ ప్యాక్‌ని ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా టీకాలు మోసే క్యారియర్‌లో పెట్టకూడదట, బయట ఉంచి అది చెమర్చాక చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలట. ఆ చప్పుడు కోసం అమ్మ తల వంచి వినే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ఎందుకంత జాగ్రత్త అన్నది బీఫార్మసీలో చదివాకే అర్థమైంది. పెంటావాలెంట్, టీడీ, హెపటైటిస్ బి లాంటి టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది, ఒక్కసారి గడ్డకట్టిందంటే ఆ రేణువులు ముద్దలైపోతాయి, మళ్ళీ కరిగినా ఆ టీకా ఇక పనికిరాదు. టీకాలని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, అంటే పైన ఎండకే కాదు, కింద మంచుకీ భయపడాలన్నమాట.

మీజిల్స్-రుబెల్లా టీకాది ఇంకో బాధ. అది పొడిగా వస్తుంది, నీళ్ళు కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ముగ్గురు పిల్లలే వచ్చినా, చాలా డోసులుండే సీసా (వయల్) తెరవాల్సిందే. ఒక్కో పిల్లకి ఒక్కో ప్యాచ్, ఫ్రిజ్ అక్కర్లేకుండా, సంచిలో వేసుకుని పోయేలా ఉంటే ఎలా ఉంటుందని అమ్మని అడిగితే, "ఉంటే మాకు భుజం నొప్పి తగ్గుద్ది, ముందు చేసి చూపించు" అంది.

జూన్ 15

చదువుతున్నాను. ఆలోచన పాతదే, అమెరికాలో ఆల్జా కంపెనీకి చెందిన గెర్‌స్టెల్, ప్లేస్ అనే ఇద్దరికి 1976లోనే దీని మీద పేటెంటు వచ్చింది. కానీ అంత సన్నని మొనలు చేసే పనిముట్లు అప్పుడు లేవు. కంప్యూటర్ చిప్పుల తయారీ పద్ధతులు వచ్చాక 1998లో జార్జియా టెక్‌లో ప్రౌస్నిట్జ్ బృందం సిలికాన్‌తో చేసి చూపించింది. ఆ తర్వాత కరిగిపోయేవి. 2017లో ఫ్లూ టీకా ప్యాచ్‌ని 100 మంది పెద్దవాళ్ళ మీద పరీక్షించిన ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి, ఆ ప్యాచ్ 40 డిగ్రీల దగ్గర ఏడాది నిలిచిందని అందులో ఉంది. ఈ ఏడాది అయితే గాంబియాలో మీజిల్స్-రుబెల్లా ప్యాచ్‌ని 9-10 నెలల పసివాళ్ళకి కూడా వేసి చూసిన ఫలితాలు అదే పత్రికలో వచ్చాయి. ఆ పేపరు మొబైల్లో అమ్మకి చదివి వినిపించాను. గాంబియా ఎక్కడుందని అడిగింది, ఆఫ్రికా పటం తీసి చూపించాను.

40 డిగ్రీల దగ్గర ఏడాది అన్న మాట మీద గీత గీసి పెట్టుకున్నాను. మన ఎండాకాలానికి సరిపోయే మాట అది.

అసలు అడ్డు ఏమిటంటే చర్మం పైన ఉండే మృతపొర. మందం 10 నుంచి 20 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అయినా 500 డాల్టన్లు (అణువుల బరువు కొలత) దాటిన అణువు దాన్ని దాటి పోవడం చాలా కష్టం. టీకాలోని ప్రోటీన్లు వేలల్లో, లక్షల్లో ఉంటాయి. అందుకే పూత రాస్తే పనికాదు, మొనతో ఆ పొరని దాటించాలి. దాటితే మాత్రం మంచి చోటే, చర్మంలో రోగనిరోధక కణాలు కండరంలో కంటే దట్టంగా ఉంటాయి.

జూన్ 26

మాస్టర్ కావాలి. అంటే ముందు గట్టి పదార్థంతో సూదుల దిమ్మ ఒకటి చేసి, దాని మీద సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీసి, ఆ అచ్చులో మన ద్రావణం పోయాలి. మా కాలేజీలో త్రీడీ ప్రింటర్ ఉంది కానీ అది ప్లాస్టిక్ తీగ కరిగించి పేర్చేది, ఇంత సన్నపనికి కుదరదు. విజయవాడ వన్‌టౌన్‌లో నగల కాస్టింగ్ చేసే వర్క్‌షాపుల్లో రెసిన్ ప్రింటర్లు ఉంటాయని ఫ్రెండ్ చెబితే వెళ్ళాను. ఇరుకు మెట్లెక్కి రెండో అంతస్తు, ఒక పక్క బంగారం కరిగించే కొలిమి, ఇంకో పక్క కంప్యూటర్ మీద జుమ్కీ డిజైను తిప్పుతున్న కుర్రాడు. నడిపే పెద్దాయన నా డ్రాయింగు చూసి, "ఇదేంటమ్మాయ్, మేకుల పలకా?" అన్నారు. టీకా కోసం బాబాయ్ అని విడమరచి చెప్పాను. అంతా విని, ఇవాళే పెట్టిద్దాంలే అన్నారు.

డిజైను: ఒక్కో సూది చతురస్రపు పిరమిడ్, అడుగు 300 మైక్రాన్లు, ఎత్తు 600. పదికి పది, మొత్తం వంద. కాగితం మీద లెక్కేస్తే ఒక్క సూది ఘనపరిమాణం 0.018 ఘన మిల్లీమీటర్లు, వందకీ కలిపి 1.8 మైక్రోలీటర్లు. డ్రాపర్‌తో వేసే ఒక చుక్కే దాదాపు 50 మైక్రోలీటర్లు. అంటే ఒక చుక్కలో దాదాపు ఇరవై ఎనిమిదో వంతు చోటులో మొత్తం డోసు ఇమడాలి. ఈ లెక్క చూశాక కాసేపు పెన్ను కదల్లేదు. ఫ్లూ టీకాలో ఒక్కో రకానికి ఉండే ప్రోటీను 15 మైక్రోగ్రాములే కాబట్టి ఇముడుతుంది, కానీ పెద్ద డోసు మందులేవైనా ఇందులో పెడదామంటే కుదరదని ఈ ఒక్క లెక్కతోనే తేలిపోయింది.

మొదటి ప్రింటులో మొనలు మొద్దు. నిలువుగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా పెడదామని కుర్రాడే అన్నాడు, ముక్కుపుడక రేకులకి వాళ్ళు అలాగే పెడతారట. రెండోది చూపుడువేలితో తడిమితే గరుకుగా గుచ్చుకుంది.

జూలై 4

రబ్బరు గట్టిపడలేదు. పీడీఎంఎస్, అంటే ఆ సిలికాన్ రబ్బరు, రెండు భాగాలుగా వస్తుంది, పదికి ఒకటి చొప్పున కలిపి, బుడగలు పోయేదాకా వ్యాక్యూమ్‌లో ఉంచి, మాస్టర్ మీద పోసి 70 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెట్టాను. పైన అంతా గట్టిపడింది, మాస్టర్‌కి ఆనుకున్న వైపు మాత్రం జిగురు జిగురుగా, పనసకాయ పాలలా చేతికి అంటుకుంటోంది. సూదుల గుంటలు ఉండాల్సింది సరిగ్గా అక్కడే. రెండోసారి చేశాను, అదే. మూడోసారీ అదే. ఒక్కో ట్రయల్‌కి పోసే సిలికాన్ ఖరీదు తలుచుకుంటే గుండె ఝల్లుమంటోంది.

జూలై 9

కారణం దొరికింది. పీడీఎంఎస్‌ని గట్టిపరిచేది ప్లాటినం ఉత్ప్రేరకం. ప్రింట్ చేసిన రెసిన్‌లో గట్టిపడకుండా మిగిలిపోయిన పదార్థాలు ఆ ప్లాటినం పనిని ఆపేస్తాయి. గంధకం కూడా ఆపేస్తుంది, అంటే నేను వేసుకున్న లేటెక్స్ గ్లోవ్స్ కూడా తప్పే, నైట్రైల్ వేసుకోవాలి. ఇదంతా పేపర్లలో వెతికి తెలుసుకుని వన్‌టౌన్ బాబాయ్‌కి ఫోన్ చేస్తే, ఆయన మొత్తం వినకుండానే, "పీసుని ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)లో కడిగి, యూవీ పెట్టెలో బాగా ఉంచి, ఆ తర్వాత ఓవెన్‌లో ఒక పూటంతా పెట్టమ్మాయ్, లేకపోతే సిలికాన్ జిగటేస్తది, మాకు రోజూ ఉండేదే ఇది" అన్నారు. వారం రోజుల ముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

ఆయన చెప్పినట్టే చేశాను. ఈసారి అచ్చు శుభ్రంగా ఊడి వచ్చింది. మైక్రోస్కోప్ కింద వంద గుంటలు, వరసగా, అంచులు పదునుగా. మేడమ్‌ని పిలిచి చూపించాను.

జూలై 17

ద్రావణం. మొదట నీళ్ళలో కరిగే పాలిమర్ పీవీపీ కె30 ఒక్కటే వాడాను, ఎండాక గాజులా పెళుసు, అచ్చులోంచి తీస్తుంటేనే మొనలు విరిగాయి. ఇప్పుడు పీవీఏ అనే ఇంకో పాలిమర్, దాంట్లో ట్రెహలోజ్ అనే చక్కెర. పీవీఏ కరిగించడం రాగి జావ కాయడం లాంటిదే, వేడినీళ్ళలో పోస్తే ఉండలు కట్టేస్తుంది, చన్నీళ్ళలో చల్లి కలుపుతూ మెల్లగా 85 డిగ్రీలకి తీసుకెళ్ళాలి. పూర్తిగా చల్లారాకే ప్రోటీను కలపాలి.

గుంటల్లోకి ద్రావణం దానంతటది దిగదు, లోపల గాలి ఉంటుంది. అచ్చుని సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి 3500 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు తిప్పితే దిగింది. పైన మిగిలిన ద్రావణాన్ని గీకేసి, ప్రోటీను లేని చిక్కటి రెండో పొర పోయాలి, అదే మొనల్ని పట్టి ఉంచే వీపు. ఒకే ద్రావణంతో అంతా పోస్తే ప్రోటీనులో ఎక్కువ భాగం వీపులోనే ఉండిపోతుంది, వీపు చర్మంలోకి పోదు కాబట్టి అదంతా దండగ. అయితే రెండో పొర తడిగా పోస్తే మొదటిది మళ్ళీ నాని ప్రోటీను పైకి పాకుతుంది. దీనికి మందు రెండో పొరలో నీళ్ళు వీలైనంత తగ్గించడమే. మిథిలీన్ బ్లూ కలిపి చూసుకుంటూ ఉన్నాను, నీలం మొనల్లోనే నిలిచిందా, వీపుకి ఎక్కిందా అని. ఏడో ట్రయల్‌కి మొనలు నీలం, వీపు తెలుపు. ఆ ప్యాచ్ ఫోటో ఇంకా నా ఫోన్ వాల్‌పేపర్‌గా ఉంది.

జూలై 30

పారాఫిల్మ్ టెస్ట్. చర్మానికి బదులు ల్యాబ్‌లో వాడే మైనపు పొర అది. ఎనిమిది మడతలు వేసి (ఒక్కో పొర దాదాపు 126 మైక్రాన్లు) ప్యాచ్‌ని అదిమి, పొరలు విడదీసి రంధ్రాలు లెక్కపెట్టాలి. మొదటి పొరలో వంద, రెండో దాంట్లో అరవై రెండు, మూడో దాంట్లో ఏమీ లేవు. మేడమ్ ఎంత బలంతో నొక్కావు అన్నారు. కొలవలేదు. బొటనవేలితో నొక్కేటప్పుడు మనుషులు సగటున 32 న్యూటన్ల దాకా నొక్కుతారని ఒక పాత పేపరులో ఉంది, టెక్స్చర్ ఎనలైజర్‌ని (కొలిచిన బలంతో నొక్కే యంత్రం) దానికి సెట్ చేసి మళ్ళీ చేశాను. వంద, డెబ్బై ఒకటి, నాలుగు.

ఆగస్టు 12

ప్రోటీను విషయం. అసలు టీకా మా చేతికి రాదు, వచ్చినా మా ల్యాబ్‌లో వాడే వీలు లేదు. అందరూ బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీను) వాడతారు, నేనూ అదే మొదలుపెట్టి, ప్యాచ్‌ని బఫర్‌లో కరిగించి బ్రాడ్‌ఫోర్డ్ అనే రంగు పరీక్షతో 595 నానోమీటర్ల కాంతి దగ్గర ప్రోటీను కొలిస్తే 131 శాతం వచ్చింది! వేసిన దానికంటే ఎక్కువ ఎలా వస్తుంది? ఒక పూటంతా టెన్షన్ పడ్డాను. తప్పు బ్లాంక్‌లో, అంటే పోలిక కోసం పెట్టే ప్రోటీను లేని నమూనాలో ఉంది. నేను బఫర్‌ని బ్లాంక్‌గా పెట్టాను, పెట్టాల్సింది ప్రోటీను లేని ఖాళీ ప్యాచ్‌ని కరిగించిన ద్రావణం. అలా మార్చాక 93కి దిగింది.

ఇక్కడ మేడమ్ అడిగిన ప్రశ్న ప్రాజెక్టునే మలుపు తిప్పింది. "ప్రోటీను ఉందని కొలిచావు, బతికే ఉందని ఎలా తెలుసు?" నిజమే. బ్రాడ్‌ఫోర్డ్‌కి పాడైపోయిన ప్రోటీనూ ప్రోటీనే, ఉడికిన గుడ్డుకీ పచ్చి గుడ్డుకీ తేడా దానికి పట్టదు. టీకా విషయంలో ఆకారం పోయిన ప్రోటీను ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. అందుకని త్వరగా పాడైపోయే ఎంజైమ్ ఒకటి పెట్టాలనుకుని కెటలేజ్ ఎంచుకున్నాం. నాలుగు ముక్కలు కలిస్తేనే పనిచేసే పెద్ద అణువు అది, ఎండబెట్టడాన్ని అంత తేలిగ్గా తట్టుకోదు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని నీళ్ళు, ఆక్సిజన్‌గా విడగొడుతుంది, ఆ వేగాన్ని 240 నానోమీటర్ల దగ్గర కొలవొచ్చు.

కొలిచే ముందు ఒకసారి కంటితో చూద్దామని, పలచటి పెరాక్సైడ్ పోసిన చిన్న గాజు గిన్నెలో ప్యాచ్‌ని మొనలు కిందికి ఉండేలా వేశాను. రెండు సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక్కో మొన దగ్గర ఒక్కో బుడగ, ఆవగింజలో సగం కూడా ఉండదు, వరసల్లో ముగ్గు చుక్కలు పెట్టినట్టు లేచాయి. మరుక్షణం అంతా కలిసి నురగ. ట్రెహలోజ్ లేకుండా చేసిన ప్యాచ్ వేస్తే అక్కడక్కడ పదో పన్నెండో బుడగలు, అంతే. నీళ్ళు ఆవిరైపోయేటప్పుడు ప్రోటీను చుట్టూ నీటి స్థానాన్ని ట్రెహలోజ్ తీసుకుని దాన్ని కదలకుండా పట్టుకుంటుందని ఎన్నోసార్లు చదివాను. చదవడం వేరు, ఇలా కంటితో చూడటం వేరు.

ఆగస్టు 24

స్టెబిలిటీ, అంటే ప్యాచ్ ఎన్నాళ్ళు నిలుస్తుందో చూసే పరీక్ష మొదలుపెట్టాను. వేడి, తేమ ఎక్కువగా ఉండే దేశాల 4బి జోన్ లెక్క తీసుకున్నాను, అంటే మందులు 30 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర నిలవాలి. డిపార్ట్‌మెంట్ ఛాంబర్‌లో సీనియర్ల శాంపిళ్ళు నిండిపోయాయి. అందుకని గాలి చొరబడని డబ్బాల్లో ఉప్పు ముద్ద పెట్టి తేమ తయారు చేసుకుంటున్నాను: సోడియం క్లోరైడ్‌ని కరగనంత ఎక్కువగా వేసి తడిపి పెడితే మూసిన డబ్బాలో గాలి తేమ 75 దగ్గర నిలబడుతుంది. మొదట ఇంట్లోంచి చినగంజాం కళ్ళుప్పు తెచ్చి వేశాను, రీడింగు నిలకడగా లేదు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కలిసి ఉంటుంది, వానాకాలం ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది దాని వల్లే. ల్యాబ్ గ్రేడ్ సోడియం క్లోరైడ్ వేశాక సర్దుకుంది.

తయారైన ప్యాచ్‌లన్నీ డెసికేటర్‌లో (పొడిగా ఉంచే మూత పాత్ర), తేమ పీల్చే నీలం సిలికా జెల్ మీద ఉన్నాయి. ఆరింటిని మాత్రం ముందు జాగ్రత్తగా అల్యూమినియం ఫాయిల్ పౌచ్‌లలో సీల్ చేశాను. ఆ పౌచ్‌ల వెనక ఒక కథ ఉంది. గుంటూరులో కారం ప్యాకింగ్ చేసే యూనిట్‌కి వెళ్ళి అడిగితే అక్కడి అన్న రెండు రకాల కవర్లు తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ పెట్టి చూపించాడు. ఒకదాంట్లోంచి వెలుతురు మసగ్గా కనిపిస్తోంది, అది ప్లాస్టిక్ మీద లోహపు పూత. రెండోది చీకటి, అది అసలు ఫాయిల్. "పూత కవర్లో పోస్తే వానాకాలం కారం ఉండ కట్టుద్దమ్మా, ఫాయిల్‌లో అయితే ఏడాదైనా పొడి పొడిగా ఉంటది" అన్నాడు. ఇరవై కవర్లు ఇచ్చి డబ్బులు తీసుకోలేదు, సీలింగ్ కూడా తన మెషీన్ మీదే చేయించుకోమన్నాడు.

సెప్టెంబర్ 7

ల్యాబ్‌కి వెళ్ళి వారం పైన అయింది. ఆగస్టు 31న మొదలైన వాన, ఆదివారం పొద్దునకి బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చేసింది. పటమటలో మా వీధి వరకు నీళ్ళు రాలేదు కానీ అమ్మకి డ్యూటీ పడింది. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా బండి మీద, అక్కడి నుంచి ట్రాక్టర్, ఆపైన పడవ. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో వస్తుంటే, ఇటు అమ్మ ఫోన్ కలవక నేనూ నాన్నా రాత్రంతా కూర్చునే ఉన్నాం. రెండో రోజు వచ్చింది, మోకాళ్ళ దాకా బురద. స్నానం కూడా చేయకుండా ముందు అన్న మాట, "ఐస్ దొరకలేదే, అదే పెద్ద బాధ అయింది." వాళ్ళ సెంటర్‌లో కరెంటు లేక ఐఎల్ఆర్ (టీకాల ఫ్రిజ్) మూత ఎవరూ తీయకుండా కాపలా కాశారట. మూత తీయకపోతే లోపలి చలి చాలాసేపు నిలుస్తుంది, కానీ టీకా బయటికి తీసి వేయాలంటే మూత తీయాలి కదా. ఏం చేస్తారు.

ఆ మాట విన్నాక ప్యాచ్ అంటే నాకు ఇక మార్కుల ప్రాజెక్టులా అనిపించడం మానేసింది.

సెప్టెంబర్ 9

ల్యాబ్ తెరిచాను. రెండు రోజులు కరెంటు లేదట, ఆపైన సెలవులు. డెసికేటర్ మూత సరిగ్గా కూర్చోలేదు, ఎవరు తీశారో తెలియదు, సిలికా జెల్ అంతా తేమ పీల్చి గులాబీ రంగుకి తిరిగిపోయింది. లోపలి ముప్పై ఒక్క ప్యాచ్‌లూ మెత్తబడి, మొనలు పక్కకి వంగి ఒకదానికొకటి అంటుకుని, వానలో మూత తీసి వదిలేసిన బెల్లంలా ఉన్నాయి. నెల రోజుల పని. కాసేపు స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాను.

తర్వాత ఫాయిల్ పౌచ్‌లు గుర్తొచ్చాయి. అవి ఏసీ లేని గదిలో, బీరువా మీద, అదే వేడిలో, అదే తేమలో పడి ఉన్నాయి. ఒకటి కత్తిరించాను. మొనలు నిలువుగా, పొడిగా. పెరాక్సైడ్‌లో వేశాను, ముగ్గు చుక్కలు లేచాయి. మిగతా ఐదూ అంతే.

నేను ఇన్నాళ్ళూ వేడి మీద పెట్టిన దృష్టి తేమ మీద పెట్టలేదు. పేపర్లలో 40 డిగ్రీలు, ఏడాది అని చదివినప్పుడు నా కళ్ళు 40 మీదే ఆగాయి. ఎండిన ట్రెహలోజ్ గాజులాంటిది, వంద డిగ్రీలు దాటితే గానీ మెత్తబడదు. కానీ కాస్త నీళ్ళు పీల్చిందంటే ఆ మెత్తబడే ఉష్ణోగ్రత గది వేడికి దిగిపోతుంది. అప్పుడు మొన వంగుతుంది, లోపల ప్రోటీను కదలడం మొదలుపెడుతుంది, అన్నీ ఒకేసారి పోతాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో జూలై నుంచి నవంబర్ దాకా గాలే నీళ్ళు. ఇక్కడ ప్యాచ్‌కి ఫ్రిజ్ అక్కర్లేదు గానీ మంచి కవరు లేకపోతే అది ప్యాచే కాదు.

మేడమ్‌తో మాట్లాడాను. ప్లాన్ మార్చాం. ఇప్పుడు నాలుగు గుంపులు: 40 డిగ్రీలు పొడిగా, 40 డిగ్రీలు ఫాయిల్‌లో తేమ మధ్య, 30 డిగ్రీలు తేమలో కవరు లేకుండా, 30 డిగ్రీలు తేమలో లోహపు పూత కవరులో.

అక్టోబర్ 14

నాలుగు వారాల రీడింగులు. కవరు లేనివి లెక్కలోకే రావు, మూడు గంటల్లో మొనలు వంగిపోయాయి, మర్నాటికి పారాఫిల్మ్ మొదటి పొరని కూడా దాటలేదు. పూత కవరులో రెండో వారం దాకా బాగున్నాయి, నాలుగో వారానికి ఎంజైమ్ పని సగానికి పడింది, మొనలు మాత్రం చూడటానికి బాగానే ఉన్నాయి. ఇది భయపెట్టే సంగతి, ఎందుకంటే కంటికి కనిపించదు. 40 డిగ్రీల ఫాయిల్‌వి, 40 డిగ్రీల పొడివి దాదాపు ఒకటే, మొదటి రోజుతో పోల్చితే పదో వంతు కంటే తక్కువే తగ్గింది. మా దగ్గర ఒక్కో గుంపులో ప్యాచ్‌లు మూడేసే ఉన్నాయి, కాబట్టి దీని మీద పెద్ద మాటలు అనను. ఆరేసి చొప్పున మళ్ళీ చేస్తున్నాను.

అక్టోబర్ 29

పంది చెవి. మనిషి చర్మానికి దగ్గరగా ఉంటుందని అందరూ వాడేది ఇదే, మాంసం కొట్లో పారేసే భాగం కాబట్టి జంతువుల మీద ప్రయోగం కిందికి రాదని మేడమ్ అన్నారు, అయినా డిపార్ట్‌మెంట్‌లో రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. వెంట్రుకలు తీసి, కడిగి, బిగువుగా లాగి పిన్నులు గుచ్చి ప్యాచ్ అదిమాను. వదులుగా ఉంటే చర్మం సూదితోపాటే లోపలికి పోతుంది, గుచ్చుకోదు. మిథిలీన్ బ్లూ రాసి తుడిస్తే ఎనభై ఎనిమిది నీలి చుక్కలు.

ఇక్కడ ఒక పొరపాటు జరగబోయి ఆగింది. చర్మంలో ఎంజైమ్ దిగిందో లేదో పెరాక్సైడ్ చల్లి బుడగలు చూద్దామనుకున్నాను. కానీ చర్మంలోనే కెటలేజ్ ఉంటుంది, దెబ్బ మీద పెరాక్సైడ్ పోస్తే నురగ వచ్చేది అందుకే. అలా చేసి ఉంటే ఖాళీ ప్యాచ్‌కి కూడా బుడగలు వచ్చేవి, నేను సంబరపడిపోయేదాన్ని. అందుకే చర్మం పరీక్షలన్నీ రంగు వేసిన బీఎస్ఏతోనే.

నవంబర్ 10

ఈ ఆదివారం ఇంట్లో ఒక ఫాయిల్ పౌచ్ అమ్మ చేతిలో పెట్టాను. లోపల ఉన్నది ఖాళీ ప్యాచ్, మందు లేనిది. చించి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, వేలితో తాకి, తన చేతి మీద పెట్టుకోబోయింది. వద్దన్నాను. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మనుషుల మీద, అమ్మ మీదైనా సరే, పెట్టడం కుదరదు. అర్థం చేసుకుంది.

తర్వాత కవరుని చేతిలో తిప్పుతూ అడిగింది. "వయల్ మీద మాకు గుండ్రటి గుర్తు ఉంటది, లోపలి తెల్ల చదరం రంగు చూసి చెడిందో లేదో చెప్పేస్తాం. దీనికి ఏముంది? సంచిలో పడి కవరుకి ఎక్కడో చిన్న చిల్లు పడిందనుకో, నాకెట్లా తెలుస్తది?"

జవాబు నా దగ్గర లేదు. ఆ గుర్తు, వీవీఎం, ఎంత వేడి ఎంతసేపు తగిలిందో లెక్కపెడుతుంది, తేమని లెక్కపెట్టదు. నా నాలుగు వారాల పూత కవర్లే సాక్ష్యం, మొనలు బాగున్నాయి, లోపలి ప్రోటీను సగం పోయింది. అమ్మ చేతిలో ఉన్నది అలాంటి ప్యాచ్ అయితే అది మంచిదనుకుని పిల్లకి వేసేస్తుంది, ఆ పిల్లకి టీకా పడినట్టు పుస్తకంలో రాసేస్తుంది.

నవంబర్ 18

మేడమ్‌కి అమ్మ ప్రశ్న చెప్పాను. థీసిస్‌లో దానికి ఒక అధ్యాయం పెట్టమన్నారు.

కవరుకి ఒక పక్క పారదర్శకంగా చిన్న కిటికీ ఉండాలి, లోపల తేమని బట్టి రంగు మారే చీటీ ఉండాలి. కానీ కిటికీ పెడితే ఆ మేరకు ఫాయిల్ పోతుంది, తేమ అటు నుంచే వస్తుంది. కిటికీ లేకపోతే చించాకే తెలుస్తుంది, అదీ ఫరవాలేదనుకుంటున్నాను, వేసే ముందు తెలిస్తే చాలు. కవరు చించగానే బయటి గాలికి చీటీ ఎంతసేపట్లో రంగు మారుతుందో కూడా చూడాలి, మరీ త్వరగా మారితే మంచి ప్యాచ్‌ని కూడా పారేస్తారు.

ఈరోజు పద్దెనిమిది పౌచ్‌లు సీల్ చేసుకొచ్చాను, కారం యూనిట్ అన్న దగ్గరే. ఒక్కోదాంట్లో ఒక ప్యాచ్, ఒక తేమ చీటీ. ఆరు మామూలువి. ఆరింటికి అంచు దగ్గర కుట్టు సూదితో ఒక్క చిల్లు పొడిచాను. ఇంకో ఆరింటిని అమ్మకి ఇచ్చాను. వాటిని తన క్యారియర్ సంచి పక్క జేబులో వేసుకుని, బుధవారాలు మామూలుగా ఎక్కడికి తిరిగితే అక్కడికి తిప్పుతుంది, వాటిలో మందేమీ లేదు, కెటలేజే. అన్నిటి మీదా మార్కర్‌తో తేదీ రాశాను. నాలుగు వారాలకి, అంటే డిసెంబర్ 16న, కత్తిరిస్తాను.

అమ్మ తన ఆరింటినీ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఏం చప్పుడు రాలేదు. ప్యాచ్ వీపు కవరుకి అతుక్కుని ఉంది కదా. "ఒకటి లోపల కదిలేటట్టు పెట్టు, ఊపితే తెలియాలి" అంది. గుంటూరు యార్డులో ఎండుమిర్చి కాయ ఊపి గింజల గలగల విని ఎండిందో లేదో చెప్పే రైతులు గుర్తొచ్చారు. ఎండిన వీపు గట్టిగా తగులుతుంది, నానినది మెత్తగా తగులుతుంది, చప్పుడులో తేడా రావచ్చు. రేపు రెండు పౌచ్‌లు వదులుగా సీల్ చేసి, ఒకదాన్ని ఉప్పు డబ్బాలో, ఒకదాన్ని సిలికా మీద పెట్టి, ఊపి వినాలి.